బీపీటీ సీటు: వరంగల్ కన్వీనర్ కోటానా, హైదరాబాద్ మేనేజ్‌మెంట్ కోటానా? అప్పు లెక్క తేలుతలేదు

హన్మకొండ_అన్న

అందరికీ నమస్తే. మా చెల్లె ఇంటర్ బైపీసీ అయిపోయింది, ఫిజియోథెరపీ డిగ్రీనే (బీపీటీ) చేస్తనంటున్నది. రెండు దారులున్నయి.

ఒకటి వరంగల్ దగ్గర ప్రైవేట్ కాలేజీ, కన్వీనర్ కోటా. ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు, బస్సు, పుస్తకాలు అన్నీ కలిపితే ఏడాదికి 65 వేలు. ఇంటి నుంచే పోయి రావచ్చు.

రెండోది హైదరాబాద్‌ల ఆసుపత్రి ఉన్న కాలేజీ, మేనేజ్‌మెంట్ సీటు. ఫీజు ఏడాదికి 1.5 లక్షలు, హాస్టల్, మెస్ ఇంకో 90 వేలు. పెద్ద ఆసుపత్రి కాబట్టి అక్కడే నయమని చెల్లె పట్టు.

మా నాయినది ప్రైవేట్ నౌకరి, ఏడాదికి 3.2 లక్షలు. బీసీ-డి. ఆస్తి అంటే 150 గజాల ప్లాట్ ఒక్కటే, అది పంచాయతీ లేఅవుట్‌ల ఉన్నది. డిగ్రీ అయినంక అమెరికా పోవాలని కూడ ఆలోచన. లోన్ తీసుకుంటే రేపు ఆమె జీతంతోటి తీరుతదా? ఏది పట్టుకోమంటరు?

---

లోన్_డెస్క్_కాజీపేట

తమ్మీ, రెండు ఫీజులు పక్కపక్కన పెడితే తేడా ఏడాదికి 1.75 లక్షలే కదా అనిపిస్తది. కిస్తీ మొదలయ్యే రోజుకు అప్పు ఎంతకు చేరుతుందో వేసి చూడు, అసలు తేడా అక్కడ కనబడుతది.

ముందు నియమాలు. ప్రభుత్వ బ్యాంకుల ఎడ్యుకేషన్ లోన్లు చాలావరకు ఐబీఏ (బ్యాంకుల సంఘం) నమూనా పథకం ప్రకారం నడుస్తాయి. 4 లక్షల వరకు తాకట్టు లేదు, మార్జిన్ (మన చేతి నుంచి పెట్టుకునే వాటా) లేదు, తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. 4 లక్షలు దాటితే దేశంలో చదువుకు 5 శాతం మార్జిన్ మీరు పెట్టుకోవాలి. 7.5 లక్షల వరకు క్రెడిట్ గ్యారంటీ నిధి కింద తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. ఆ గీత దాటితే ఆస్తి కాగితాలు అడుగుతారు. మీ హైదరాబాద్ లెక్క నాలుగేళ్లకు 9.6 లక్షలు, ఇంటర్న్‌షిప్ ఆరు నెలల హాస్టల్ కలిపితే 10 లక్షలు దాటుతుంది. అంటే మొత్తం అప్పు మీదనే నడిపిస్తే ఉన్న ఒక్క ప్లాటూ బీపీటీ దగ్గరనే ఇరుక్కుంటుంది.

అందుకని హాస్టల్ ఖర్చు చేతి నుంచి పెట్టుకుని, ఫీజుకు మాత్రమే లోన్ తీసుకున్నారనుకుందాం. ఏడాదికి 1.5 లక్షల చొప్పున 6 లక్షలు. వడ్డీ 10 శాతం అనుకుందాం (మీ బ్యాంకు రేటు వేసుకోండి; అమ్మాయిలకు అర శాతం తగ్గించే బ్యాంకులున్నాయి, అడగండి). మార్జిన్ సంగతి లెక్క సులువు కోసం పక్కన పెడుతున్నా.

కోర్సు నాలుగున్నరేళ్లు, ఆ పైన ఒక ఏడాది మారటోరియం. ఈ అయిదున్నరేళ్లు కిస్తీ ఉండదు గానీ సాధారణ వడ్డీ పడుతూనే ఉంటుంది. మొదటి ఏడాది తీసుకున్న లక్షన్నర మీద అయిదున్నరేళ్ల వడ్డీ 82,500. రెండో ఏడాది సొమ్ము మీద 67,500. మూడోదాని మీద 52,500, నాలుగోదాని మీద 37,500. మొత్తం 2.4 లక్షలు. కిస్తీ మొదలయ్యే రోజు ఈ వడ్డీని అసలులో కలిపేస్తారు. అప్పటికి అప్పు 8.4 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 11,100. పదిహేనేళ్లు పెట్టుకుంటే 9,030కి దిగుతుంది, కానీ మొత్తం కట్టేది 13.3 లక్షల నుంచి 16.2 లక్షలకు పోతుంది.

వరంగల్ సీటుకు ఖర్చంతా లోన్‌లోనే పెట్టినా 2.6 లక్షలు, వడ్డీతో 3.64 లక్షలు. పదేళ్లకు నెలకు 4,810.

కొత్తగా చేరిన ఫిజియోకు చేతికి 20 వేలు వస్తాయనుకో. ఒకచోట జీతంలో పావు వంతు కిస్తీకి పోతుంది, ఇంకోచోట సగం దాటుతుంది. ఆ 20 వేలు అనేది నా ఊహ. హన్మకొండలో నాలుగు క్లినిక్‌లకు, రెండు ఆసుపత్రులకు పోయి ఫ్రెషర్‌కు ఎంత ఇస్తున్నరో అడిగి, ఆ అంకె ఇక్కడ పెట్టుకో. కాలేజీ బ్రోచర్‌లో ఉండే ప్యాకేజీ అంకె మాత్రం పెట్టకు.

ఇంకో ముచ్చట. చదువు నడుస్తున్నప్పుడే వడ్డీ కట్టుకుంటూ పోతే చాలా బ్యాంకులు రేటులో 1 శాతం వరకు తగ్గిస్తాయి. ఆ తగ్గింపు లేకుండానే చూసినా, 6 లక్షల అప్పుకు మొదటి ఏడాది నెలకు 1,250, తర్వాత 2,500, 3,750, నాలుగో ఏడాది నుంచి 5,000 కడుతూ వస్తే చివరికి కిస్తీ 7,930కి ఆగుతుంది. మొత్తం మీద 1.4 లక్షలు మిగులుతుంది. రెండో ఏడాది 2,500 కట్టడానికే కష్టమయ్యే ఇల్లయితే, ఆ హైదరాబాద్ సీటు మీ చేతికి అందేది కాదని ముందే తెలిసిపోతుంది. అది కూడా మంచిదే.

---

గోనియోమీటర్

లెక్క బాగుంది సార్. చదువు వైపు నుంచి కొన్ని కలుపుతాను.

కేఎన్‌ఆర్ హెల్త్ యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న కాలేజీ ఏదైనా, హైదరాబాద్‌లో ఉన్నా వరంగల్‌లో ఉన్నా, సిలబస్ ఒకటే, ప్రశ్నపత్రం ఒకటే, పట్టా మీద పేరు ఒకటే. ముందు ఆ హైదరాబాద్ కాలేజీ దీని కిందిదా, లేక డీమ్డ్ యూనివర్సిటీదా కనుక్కోండి. ఒకే పట్టాకు మీరు ఎక్కువ పెడుతున్నది దేనికి అన్నది తేలాలి. పెట్టదగ్గది ఒక్క పేషెంట్లకే. గోడలకు, ఏసీ క్లాసురూములకు కాదు.

ఆసుపత్రి ఉన్నదనగానే విద్యార్థి చేతికి పేషెంట్ వస్తాడని అనుకోవద్దు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో డబ్బు కట్టిన పేషెంట్‌ను విద్యార్థి ముట్టుకోవడానికి ఒప్పుకోని చోట్లు చాలా ఉంటాయి. నోట్‌బుక్ పట్టుకుని నిలబడటమే పోస్టింగ్ అయిపోతుంది. ఎంజీఎం లాంటి ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్టింగ్ దొరికితే పక్షవాతం, తలకు దెబ్బలు, విరిగిన ఎముకలు, ఐసీయూలో ఛాతీ ఫిజియో అన్నీ చేతితో చేసే వీలుంటుంది. అందుకని వరంగల్ కాలేజీని అడగాల్సిన మొదటి ప్రశ్న: మా పిల్లకు క్లినికల్ పోస్టింగ్ ఏ ఆసుపత్రిలో, ఏ ఏడాది నుంచి, రోజుకు ఎన్ని గంటలు? ఒప్పంద పత్రం చూపించమనండి, అది ఏ తేదీ వరకు చెల్లుతుందో చూడండి. గడువు తీరిన ఒప్పందాన్ని ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించిన కాలేజీలూ ఉంటాయి.

చేరే ముందు పని దినాన పొద్దున పదింటికి, చెప్పకుండా ఫిజియో ఓపీకి పోయి గంటసేపు కూర్చోండి. ఎందరు పేషెంట్లు వచ్చారు? చేయి పెడుతున్నది ఎవరు, స్టాఫా విద్యార్థులా? ఎలక్ట్రోథెరపీ ల్యాబ్‌లో ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్, టెన్స్, షార్ట్‌వేవ్ డయాథెర్మీ యంత్రాలు పని చేస్తున్నాయా, కవర్ కప్పి ఉన్నాయా? అనాటమీకి నిజమైన మృతదేహం మీద డిసెక్షన్ ఉందా, ప్లాస్టిక్ మోడళ్లేనా? ఎంపీటీ (ఫిజియోలో పీజీ) చేసిన అధ్యాపకులు ఆర్థో, న్యూరో, కార్డియో విడివిడిగా ఉన్నారా, ఒకే మనిషి అన్నీ చెబుతున్నారా?

అప్పు పెరిగే ఇంకో దారి బ్యాక్‌లాగ్. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, ఆ తర్వాత బయోమెకానిక్స్, ఇవే చాలామందిని పట్టుకునేవి. ఏడాది వెనకబడితే పరీక్ష ఫీజు చిన్నది, వడ్డీ పెద్దది. ఆరు లక్షల మీద ఒక ఏడాది జాప్యం అంటే 60 వేలు, పైగా ఆ ఏడాది జీతమూ లేదు. ఒకే సిలబస్ అయినప్పుడు ఏ కాలేజీలో మొదటి ఏడాది ఎందరు గట్టెక్కుతున్నారో అడగడం తప్పేమీ కాదు. కాలేజీ చెప్పకపోతే సీనియర్లు చెబుతారు.

కోర్సు కాలం కూడా చూసుకోండి. పాత పద్ధతి నాలుగేళ్లు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్. 2021 చట్టం కింద ఏర్పడ్డ జాతీయ అలైడ్ హెల్త్‌కేర్ కమిషన్ కొత్త పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్ ఏడాది, మొత్తం అయిదేళ్లు. మీ చెల్లె బ్యాచ్‌కు ఏది వర్తిస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. లోన్ పత్రంలో కోర్సు నాలుగున్నరేళ్లని రాసి, చదువు అయిదేళ్లు నడిస్తే కిస్తీ ముందే తలుపు తడుతుంది. ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ ఉంటుందా అన్నదీ అడగండి; ఏమీ ఇవ్వని చోట్లున్నాయి.

---

హన్మకొండ_అన్న

ఇద్దరికీ మస్తు థ్యాంక్స్. ఒక డౌటు. ఇన్‌కమ్ సర్టిఫికెట్ 2 లక్షల లోపు చేయించుకుంటే వరంగల్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తదని ఒకరు చెప్పిన్రు. నిజమేనా? గట్ల చేయించొచ్చా?

---

ఈపాస్_కౌంటర్

అన్నా, వద్దు. బీసీలకు ఈపాస్ (స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ పోర్టల్) ఆదాయ పరిమితి పట్టణంలో 2 లక్షలు, పల్లెలో 1.5 లక్షలు. 3.2 లక్షలు జీతం తీసుకుంటూ 2 లక్షల లోపని తెచ్చుకుంటే, రేపు లోన్ కోసం బ్యాంకులో నాయిన జీతం చిట్టీ, ఫారం 16 పెట్టాల్సి వస్తది. ఒకే ఇంటికి, ఒకే ఏడాదికి రెండు ఆదాయాలు. దొరికిపోతే స్కాలర్‌షిప్పూ పోతది, లోనూ ఆగుతది.

అర్హత ఉన్నోళ్ల కోసం చెప్తున్న. రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ సీట్లకే, మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. హాజరు 75 శాతం ఉండాలె. డిటెయిన్ అయితే ఆ ఏడాది రెన్యువల్ ఉండదు. మంజూరు అయినంక కూడా సొమ్ము విడుదల కావడానికి ఏండ్లు పట్టొచ్చు. అందాక ఫీజు కడితేనే సర్టిఫికెట్లు అనే కాలేజీలున్నయి. చివరి ఏడాది నాటికి ఒక ఏడాది ఫీజంత పైసలు పక్కన పెట్టుకుంటే టీసీ, మెమోల కోసం ఆగే పని ఉండదు.

మీ అసలు ఆదాయానికి పనికొచ్చేది వేరే ఉన్నది. కేంద్రం వడ్డీ రాయితీ పథకం, సీఎస్‌ఐఎస్ అంటరు. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే చాలు. మీది 3.2 కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పినా లోపలికే వస్తరు. దాని వివరాలు బ్యాంకు సార్ చెప్తే బాగుంటది.

---

లోన్_డెస్క్_కాజీపేట

సరిగ్గా పట్టుకున్నారు. అర్హత కుదిరితే కోర్సు కాలం, ఆ పైన ఏడాది, మొత్తం మారటోరియం వడ్డీని కేంద్రం భరిస్తుంది. పై లెక్కలో 2.4 లక్షలు అన్నాను కదా, అది మీ నెత్తిన పడదు. 6 లక్షల దగ్గరనే కిస్తీ మొదలవుతుంది, నెలకు 7,930.

చిక్కు ఎక్కడంటే, కాలేజీకి నాక్ (కాలేజీల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపు లేదా కోర్సుకు ఆ స్థాయి ఆమోదం ఉండాలి. చిన్న ఫిజియో కాలేజీలు ఇక్కడే ఆగిపోతాయి. కాబట్టి నాక్ ధృవపత్రం మీకు ఆ 2.4 లక్షల కాగితం అనుకోండి. దాని కాపీ, గడువు తేదీతో సహా, చేరక ముందే బ్రాంచికి తీసుకుపోయి ఈ కాలేజీకి రాయితీ క్లెయిమ్ వెళ్తుందా అని అడగండి. సీటు కన్ఫర్మ్ అయినాక అడిగితే జవాబు ఏదైనా మీరు చేసేదేమీ ఉండదు.

ఈ రాయితీ జీవితంలో ఒక్కసారే, డిగ్రీకో పీజీకో. తర్వాత ఎంపీటీ చేయించే ఉద్దేశం ఉంటే ఏ కోర్సు అప్పు పెద్దదో చూసి వాడుకోవాలి. వరంగల్ సీటు తీసుకుంటే బీపీటీకి అసలు లోన్ లేకుండా నెట్టుకొచ్చి, రాయితీని ఎంపీటీకి దాచుకునే వీలుంది.

పథకం పోర్టల్ నోడల్ బ్యాంక్ కెనరా బ్యాంక్. మీ బ్రాంచి ప్రతి ఏడాదీ క్లెయిమ్ పెట్టాలి. డబ్బు ఆలస్యంగా వస్తుంది, అందాక స్టేట్‌మెంట్‌లో వడ్డీ పడినట్టే కనిపిస్తుంది, కంగారు పడొద్దు. కానీ క్లెయిమ్ పెట్టారా లేదా అని ఏటా అడగడం మీ పని. మేనేజర్ మారితే ఫైలు అడుగున పడిపోతుంది.

మేనేజ్‌మెంట్ సీటు విషయంలో ఇంకొకటి. బ్యాంకు చూసేది ప్రభుత్వం గానీ ఫీజు నియంత్రణ సంస్థ గానీ ఆమోదించిన ఫీజునే. కాలేజీ 1.5 లక్షలు అన్నా, ఆమోదించింది తక్కువైతే మిగతాది మీ జేబు నుంచే. రసీదు ఇవ్వని సొమ్ముకు లోన్ అన్న మాటే లేదు.

---

ఎన్‌పీటీఈ_దారి

అమెరికా మాట వచ్చింది కాబట్టి. అక్కడ ఫిజియోగా చేరడానికి కావాల్సిన డిగ్రీయే మూడేళ్ల డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ). మన బీపీటీతో పోయేవాళ్లు ఎఫ్‌సీసీపీటీ లాంటి సంస్థతో చదువును అక్కడి ప్రమాణంతో పోల్పించుకోవాలి, తర్వాత ఎన్‌పీటీఈ అనే లైసెన్సు పరీక్ష రాయాలి, ఆ తర్వాత రాష్ట్రానికో లైసెన్సు. పోలికలో క్రెడిట్లు తక్కువ పడటం మామూలే. అవి పూడ్చుకోవడానికి మళ్లీ కోర్సులు, మళ్లీ ఫీజు. ఎన్‌పీటీఈ 12 నెలల్లో మూడుసార్లకు, జీవితంలో ఆరుసార్లకు మించి రాయనివ్వరు.

ట్రాన్సిషనల్ డీపీటీ (ఇప్పటికే ఫిజియో అయినవాళ్లు డీపీటీకి మారే కోర్సు) చాలావరకు ఆన్‌లైన్‌లో ఉంటుంది. పూర్తి ఆన్‌లైన్ కోర్సుకు ఎఫ్-1 వీసా రాదు. క్లాసుకు పోయి చదివేది తీసుకున్నా ఫిజియోథెరపీ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో లేదు, ఓపీటీ (చదువు అయ్యాక అక్కడ పని చేసే అనుమతి) 12 నెలలే. కంప్యూటర్ కోర్సుల వాళ్లకు దొరికే అదనపు 24 నెలల లెక్క దీనికి వేయొద్దు. గ్రీన్ కార్డ్ వైపు ఒక సౌకర్యం ఉంది: ఫిజియోథెరపిస్టులు షెడ్యూల్ ఏలో (అక్కడ కొరత ఉన్న వృత్తుల జాబితాలో) ఉన్నారు కాబట్టి కంపెనీ పెర్మ్ లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి అక్కడి వాళ్లు దొరకలేదన్న రుజువు) చేయక్కర్లేదు. కానీ అది లైసెన్సు దారి దాటాక మాట.

అంటే బీపీటీకి చేసే అప్పును డాలర్లతో తీరుస్తామని ఇప్పుడే లెక్క వేయొద్దు. మధ్యలో ఎన్ని ఏళ్లు, ఎంత ఖర్చు అన్నది చేతిలో లేదు. విదేశీ చదువుకు లోన్ మార్జిన్ 15 శాతం, తాకట్టు కావాలి. ఆ ప్లాట్ ఇప్పుడు పెట్టేస్తే అప్పుడు పెట్టడానికి ఏముంటుంది? బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి 20 లక్షల వరకు ఉంది, ఆదాయ పరిమితి 5 లక్షలు. ఏ కోర్సులకు వర్తిస్తుందో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

ఏ కాలేజీలో చేరినా ప్రతి ఏడాది సిలబస్ కాపీ, థియరీ గంటలు, క్లినికల్ గంటల లెక్క కాలేజీ ముద్రతో అప్పటికప్పుడే తీసి పెట్టండి. పట్టా చేతికొచ్చాక అడిగితే ప్రిన్సిపాల్ మారి ఉంటారు, రిజిస్టర్ దొరకదు.

---

కరీంనగర్_ఎంపీటీ

అందరూ వరంగల్ వైపే తోస్తున్నారు, నేను కొంచెం అడ్డం మాట్లాడతా. పోస్టింగ్ సరిగా లేని కాలేజీలో నాలుగేళ్లు కూర్చుంటే మిగిలిన డబ్బు తర్వాత కోర్సులకు, వర్క్‌షాప్‌లకు పోతుంది. పక్షవాతం పేషెంట్‌ను మంచం మీంచి లేపి కూర్చోబెట్టడం రాని ఫిజియోను ఏ ఆసుపత్రీ నిలబెట్టుకోదు. గోనియోమీటర్ గారు చెప్పిన ఓపీ పరీక్షలో వరంగల్ కాలేజీ ఫెయిలైతే, హైదరాబాద్ సీటు నాక్ ఉన్నదైతే, ఫీజు వరకే లోన్‌తో తీసుకోవడం తప్పు కాదు.

ఈ రెంటి మధ్యనే కొట్టుకోవడం ఎందుకు? హైదరాబాద్ నిమ్స్‌లో బీపీటీ ఉంది, దానికి వేరే నోటిఫికేషన్ వస్తుంది. కటక్ దగ్గర స్వామి వివేకానంద పునరావాస సంస్థ, కోల్‌కతా, ఢిల్లీ కేంద్ర సంస్థలకు కలిపి ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థలు కాబట్టి ఫీజు ప్రైవేట్‌తో పోల్చేటట్టు ఉండదు, పేషెంట్లకు కొరత ఉండదు. తిరుపతి స్విమ్స్‌లో కూడా ఉంది. ఏడాది వృథా చేయమనడం లేదు. ఈసారి గడువు దాటకపోతే అప్లికేషన్ ఫీజు పెట్టి వేసి చూడండి.

వరంగల్‌లోనే చేరితే ఇంటర్న్‌షిప్ మాత్రం పెద్ద ఆసుపత్రిలో చేసే వీలుందా అడగండి. కాలేజీ నుంచి ఎన్‌ఓసీ, యూనివర్సిటీ అనుమతి రెండూ కావాలి. దొరికితే నాలుగేళ్ల హాస్టల్ ఖర్చు తప్పి, హైదరాబాద్ అనుభవం ఆరు నెలల ఖర్చులోనే వస్తుంది.

---

గోనియోమీటర్

ఇంటర్న్‌షిప్ మాటకు నా ఓటు కూడా. బయటికి పంపని కాలేజీలున్నాయి, వాళ్ల ఓపీ నడిచేదే ఇంటర్న్‌లతో. చేరే ముందే అడగండి.

---

హన్మకొండ_అన్న

సోమవారం చెల్లెను తీసుకొని వరంగల్ కాలేజీ ఓపీకి పోతున్న, పొద్దున పదింటికే. పోస్టింగ్ కాగితం, నాక్ కాగితం రెండూ అడుగుత. ప్లాట్ సంగతి ఒక్కటి చెప్పుర్రి సార్, పంచాయతీ లేఅవుట్‌ది బ్యాంకు తీసుకుంటదా?

---

లోన్_డెస్క్_కాజీపేట

అనుమతి లేని లేఅవుట్ అయితే ఎల్‌ఆర్‌ఎస్ క్రమబద్ధీకరణ పూర్తయ్యేదాకా చాలా బ్యాంకులు ముట్టుకోవు. దరఖాస్తు రసీదు చాలదు, ప్రొసీడింగ్స్ (మంజూరు ఉత్తర్వు) కావాలి. రిజిస్టర్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ కూడా సిద్ధం చేసుకోండి. భూమి ఇంకా రికార్డులో వ్యవసాయ భూమిగానే ఉంటే అదీ చిక్కే. సర్ఫేసి చట్టం (బాకీ కట్టకపోతే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునేది) వ్యవసాయ భూమికి వర్తించదు కాబట్టి తాకట్టుగా ఒప్పుకోరు. వరంగల్ సీటుకైతే ఇప్పుడు దాని అవసరమే రాదు. ఎల్‌ఆర్‌ఎస్ ఫీజు మాత్రం ఈ నాలుగేళ్లలో వీలున్నప్పుడు కట్టేసి ప్రొసీడింగ్స్ తెచ్చి పెట్టుకోండి. అమెరికా లోన్ అడిగే రోజున మొదలుపెడితే ఐ-20 (అమెరికా కాలేజీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) గడువు దాటిపోతుంది.